మంచి రేవులా, ఫీనిక్సా?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంపై మన ప్రసంగాలలో శతాధిపతి పౌలు మాట పెడచెవిని పెట్టిన మూర్ఖుడిగానే కనబడతాడు. క్రేతు దక్షిణ తీరాన్ని పరిశీలిస్తే ఈ తీర్పు తొందరపాటని తోస్తుంది.

వేసవి చివరి వాయవ్య గాలికి ద్వీపమే అడ్డుగా, మంచి రేవుల వరకు ఓడ ఒడ్డు చాటున సాగగలదు. కొద్ది దూరంలో లితినో అగ్రం దాటగానే తీరం ఉత్తరానికి మళ్లుతుంది, చాటు పోతుంది. ఓడ అక్కడ ఆగడానికి కారణమిదేనని జేమ్స్ స్మిత్ 1848లో వివరించాడు. ఆయన స్వయంగా పడవ నడిపినవాడు. బల్లముందు కూర్చుని వ్రాసిన వ్యాఖ్యాతలకంటె ఆయన మాటకు బరువెక్కువ.

మంచి రేవులకు చిన్న దీవులు కొంత కాపుదలే గాని తూర్పు దిక్కు తెరిచే ఉంది. 276 మంది చలికాలమంతా అక్కడ గడపాలి. ఫీనిక్సు సుమారు 70 కిలోమీటర్లు, అనుకూలమైన గాలి ఉంటే ఒక్క రోజు ప్రయాణం. అనేకులు దానిని నేటి లూత్రో అంటారు. అయితే లూత్రో తూర్పుకు తెరుచుకుంటుంది. లూకా చెప్పినవి నైరుతి, వాయవ్య దిక్కులు. ప్రక్కనే పడమట ఉన్న అఖాతమే లూకా మాటకు సరిపోతుందని నా అభిప్రాయం. 365లో వచ్చిన భూకంపం పశ్చిమ క్రేతు తీరాన్ని పైకెత్తింది గనుక నేటి లోతును బట్టి నాటి రేవును కొలవలేము.

పౌలు హెచ్చరిక రేవును గూర్చినది కాదు, కాలమును గూర్చినది. ఉపవాసదినం గడిచిపోయింది, ఆ ప్రయాణం 59లో జరిగిందనుకుంటే అది అక్టోబరు 5. సెప్టెంబరు 14 తరువాత సముద్రయానం అపాయకరమని రోమా రచయిత వెగేతియస్ కూడ వ్రాశాడు. దక్షిణపు గాలి మెల్లగా వీచినప్పుడు నావికులు లంగరెత్తారు. కొంతసేపటికే ఊరకులోను కొండలమీదనుండి దిగి, ఓడను కౌద వైపుకు కొట్టుకొనిపోయింది.