దావ్ ఒకటే, పేర్లు నాలుగు: కుస్తీ మాటల తారీఖ్

టీవీలో రెజ్లింగ్ చూసే పిల్లలున్న ఇంట్లో ఈ బహస్ తప్పదు. రాండీ ఆర్టన్ వేసింది ‘ఆర్‌కేఓ’ అని తమ్ముడంటాడు. అదే దావ్‌ని డైమండ్ డాలస్ పేజ్ ‘డైమండ్ కట్టర్’ పేరుతో ముందే వేశాడని అన్న అంటాడు. ఇద్దరిదీ సహీ మాటే. వాళ్లకన్నా ముందు జానీ ఏస్ అనే అమెరికన్ జపాన్ రింగుల్లో దాన్ని ‘ఏస్ క్రషర్’ అన్నాడు. ఎదుటివాడి తలని భుజం మీదికి లాక్కొని తాను వెల్లకిలా పడిపోవడం, అంతే. ఆర్‌కేఓ అంటే రాండల్ కీత్ ఆర్టన్, ఆయన పూర్తి పేరులోని పొడి అక్షరాలు. అది దావ్ పేరు కాదు, దుకాణం బోర్డు.

స్కూల్లో ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు చదివినవాణ్ణి. ఏ మాట విన్నా దాని ఖాందాన్ ఏమిటని వెతకడం నాకు ఆదత్. కుస్తీ మాటల్లో ఆ వెతుకులాట మహా మజాగా ఉంటుంది. కుస్తీ ఫార్సీ మాట, పహిల్వాన్ కూడా ఫార్సీయే. ఉర్దూలో ఉస్తాద్ అంటే అలిఫ్ బే నేర్పేవాడూ కావచ్చు, సితార్ నేర్పేవాడూ కావచ్చు. ఆయనే తెలుగులోకి వచ్చేసరికి వస్తాదు అయ్యాడు, కండలు తిరిగిన మనిషిగానే మిగిలాడు. అరబీలో తాలీం అంటే చదువు. హైదరాబాద్ పాతబస్తీలో తాలీం అంటే కుస్తీ నేర్చుకునే చోటు. మట్టి గోదాకి చదువు అన్న పేరు పెట్టుకున్నవాళ్లు మన పెద్దలు.

అఖాడాలో దావ్‌ల పేర్లు కూడా చదువు చెప్పేవే. ధోబీ పఛాడ్ తీసుకోండి. ధోబీ బట్టని భుజం మీదుగా తిప్పి బండకేసి కొడతాడు, ఇక్కడ బట్ట బదులు మనిషి. పేరు వింటే చాలు, షాగిర్ద్‌కి సగం దావ్ అర్థమైపోతుంది. బగల్‌డూబ్ అంటే ఎదుటివాడి చంక కింద మునిగి వెనక తేలడం. పాత ఇంగ్లిష్ రెజ్లింగ్‌లో భుజం మీదుగా విసిరే దావ్‌ని ‘ఫ్లయింగ్ మేర్’ అన్నారు, అంటే ఎగిరే ఆడగుర్రం. మన కలాజంగ్ లాంటి దాన్ని ‘ఫైర్‌మన్స్ క్యారీ’ అన్నారు. మంటల్లోంచి మనిషిని భుజానేసుకుని తెచ్చే పద్ధతి అది. ఈ పేరు నయం, బొమ్మ కళ్ల ముందు కడుతుంది.

దేశం మారితే జంతువు కూడా మారిపోతుంది. బోర్లా పడుకున్నవాడి రెండు కాళ్లూ వెనక్కి విరిచి నడుం మీద కూర్చునే పట్టు అమెరికాలో ‘బోస్టన్ క్రాబ్’, అంటే బోస్టన్ ఎండ్రకాయ. జపాన్‌లో అదే తిరగేసిన రొయ్య. అమెరికాలో ‘అబ్డామినల్ స్ట్రెచ్’ జపాన్‌కి వెళ్లి ‘కోబ్రా ట్విస్ట్’ అయింది. ‘జర్మన్ సూప్లెక్స్’కి పేరు తెచ్చిన కార్ల్ గాచ్ పుట్టింది బెల్జియంలో.

ఇక్కడిదాకా నవ్వులాటే. కానీ ఒక్కో మాటలోని అయోమయానికి ఒంటితో ఖీమత్ కట్టినవాళ్లున్నారు.

1910 సెప్టెంబర్ 10న లండన్‌లో గామా పహిల్వాన్, పోలెండ్‌కి చెందిన స్టానిస్లాస్ జ్బిస్కో తలపడ్డారు. కుస్తీ అంటే లేచి ఎదుర్కోవడమని గామాకి తెలిసిన అర్థం. రెజ్లింగ్ నియమాల ప్రకారం బోర్లా పడుకుని కాలం గడపడం కూడా ఆటేనని జ్బిస్కోకి తెలుసు. రెండున్నర గంటలకు పైగా సాగినా ఫైసలా తేలలేదు. వారం తర్వాత మళ్లీ పెడితే జ్బిస్కో రాలేదు, జాన్ బుల్ బెల్ట్ గామాకి దక్కింది. 1928లో పటియాలాలో ఇద్దరూ మళ్లీ కలిశారు. ఈసారి గామా నిమిషం కూడా తీసుకోలేదు, చిత్ చేసేశాడు. తెలుగులో ‘చిత్తు చేశాడు’ అంటుంటే నాకు ఆ చిత్ వినిపిస్తుంది.

ఆ ఖాందాన్‌కే రెండో ముచ్చట ఎదురైంది. 1976 డిసెంబర్ 12న కరాచీ నేషనల్ స్టేడియంలో గామా తమ్ముడి కొడుకు అక్రమ్ పహిల్వాన్ జపాన్ రెజ్లర్ ఆంటోనియో ఇనోకీతో దిగాడు. అదే జూన్‌లో ఇనోకీ టోక్యోలో ముహమ్మద్ అలీతో పోటీ పడ్డాడు. పదిహేను రౌండ్లలో చాలాసేపు నేల మీద పడుకుని అలీ కాళ్ల మీద తన్నుతూనే ఉన్నాడు. కుస్తీయా, బాక్సింగా, తమాషానా అని లోకం తల పట్టుకుంది. కరాచీలోనూ అదే సవాల్. ముందే మాట్లాడుకుని ఆడే ఆటని ఉర్దూలో ‘నూరా కుస్తీ’ అంటారు. ఈ పోటీ నూరా కుస్తీయా, అసలైనదా అన్న బహస్ ఈనాటికీ నడుస్తోంది. అక్రమ్ చెయ్యి విరగడం మాత్రం నిజం.

ఆ విరిచిన పట్టుకి ఎన్ని పేర్లో చూడండి. మణికట్టు పట్టుకుని చేతిని వెనక్కి మెలిపెట్టి భుజం తిప్పేయడం అది. రెజ్లింగ్‌లో ‘డబుల్ రిస్ట్‌లాక్’, జూడోలో ‘ఉడె గరామి’. 1951లో రియో డి జనీరోలో మసాహికో కిమూరా దానితోనే హేలియో గ్రేసీని ఓడించాక బ్రెజిల్‌వాళ్లు ఓడించినవాడి పేరే పెట్టి ‘కిమూరా’ అన్నారు. టీవీ రెజ్లింగ్‌లో దీన్నీ, దీని చుట్టాలనీ కలిపి ‘చికెన్‌వింగ్’ అనేస్తారు, కోడి రెక్క.

1979లో లాహోర్‌లో అక్రమ్ అన్న కొడుకు ఝారా అదే ఇనోకీని నిలబెట్టాడు. ఎవరూ చిత్ కాలేదు. ఆఖర్లో ఇనోకీయే ఝారా చెయ్యి పైకెత్తాడు.

పిల్లల బహస్‌కి ఇప్పుడు జవాబివ్వొచ్చు. టీవీ రింగులో చాలా దావ్‌లు ఇద్దరూ కలిసి చేసేవి. ఆర్‌కేఓలో పడేవాడు కూడా పడటానికి మెహనత్ చేస్తాడు, పడటం నేర్చుకునే వస్తాడు. పేరులో ఆ సంగతి ఉండదు. డబుల్ రిస్ట్‌లాక్‌కి మాత్రం ఎదుటివాడి ఇజాజత్ అక్కర్లేదు. మంచం మీద తమ్ముడి చెయ్యి మెలిపెట్టే పిల్లాడికి రెండూ టీవీలో చూసిన పేర్లే. ఏ పేరు చెప్పినా, ఇందులో పడేవాడు సాయం చేస్తున్నాడా లేదా అని వాణ్ణి అడగండి. తాలీంలో ఉస్తాద్ ముందు నేర్పే సబక్ కూడా అదే: పట్టుకన్నా ముందు, పట్టు ఎక్కడ వదలాలో.