పుబ్బలో గ్రహణం

1988 డిసెంబరు 26 తెల్లవారుజామున బెజవాడలో నిరాహారదీక్షలో ఉన్న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగారావు హత్యకు గురయ్యారు. ఆ వెంటనే కోస్తా జిల్లాల్లో చెలరేగిన దహనకాండ, కర్ఫ్యూ మా తరంవారికి గుర్తే. ఆ రోజుల్లో గుడివాడలో మా పెదనాన్నగారు పాత పంచాంగం తిరగేసి, "సెప్టెంబరు 11 సూర్యగ్రహణం పుబ్బలో పట్టింది. అప్పుడే అనుకున్నాను" అన్నారు. అనుకున్న మాట అప్పుడు మాకెవరికీ చెప్పలేదనుకోండి!

ఆయన మాటకు శాస్త్రాధారం లేకపోలేదు. వరాహమిహిరుని బృహత్సంహితలో కూర్మవిభాగమనే అధ్యాయముంది. అందులో భారతదేశాన్ని తొమ్మిది భాగాలు చేసి ఒక్కొక్క భాగానికి మూడేసి నక్షత్రాలు కేటాయించారు. ఆశ్లేష, మఖ, పుబ్బ ఆగ్నేయ దిక్కువి. ఆ దిక్కున చెప్పిన దేశాల్లో కళింగ, ఆంధ్ర ఉన్నాయి. పైగా పుబ్బ ఉగ్రనక్షత్రం. గ్రహణానికీ హత్యకూ నడుమ నాలుగు నెలలైనా లేవు. వినగానే ఒళ్ళు జలదరించే పొందిక!

అయితే ఇంతకన్న ఘనమైన యోగం బందరుకే పట్టింది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మచిలీపట్నం మీదుగా సాగింది. మద్రాసు నక్షత్రశాల నుంచి పాగ్సన్ దొరగారు పరికరాలతో బందరు వచ్చి చూశారు. గుంటూరులో జాన్సెన్ అనే ఫ్రెంచి పండితుడు, వనపర్తిలో మన చింతామణి రఘునాథాచార్యులు పరిశీలించారు. ఆనాడు సూర్యుడున్నది మఖలో, సాక్షాత్తు మఖతారకు మూడు డిగ్రీలలోపు. పాశ్చాత్య జ్యోతిషులకు అది రాజతార. ఆంధ్ర నక్షత్రం, ఆంధ్రభూమి మీద గ్రహణం! తీరా రాజమరణం ఎక్కడ సంభవించింది? తానే గణితం కట్టి అదే గ్రహణం చూడబోయిన సయాం రాజు మోంగ్‌కుట్, అక్కడ మలేరియా సోకి అక్టోబరు 1న కన్నుమూశాడు. మనకు రాసిన ఫలం సముద్రం దాటిపోయిందనుకోవాలా?

ఇక తిరగేసి చూద్దాం. 1864 నవంబరు 1 రాత్రి బందరు ఉప్పెనలో పోయినవారు సుమారు 30,000 మంది. సముద్రం మామూలు పోటుకన్న 13 అడుగులు ఎత్తు లేచింది. రెండురోజుల ముందు, అక్టోబరు 30న, సూర్యగ్రహణం ఉన్నమాట నిజమే. కాని అది మనకు కనబడనిది, పట్టింది స్వాతిలో. అమావాస్య పోటు ఉప్పెనకు తోడైందంటే ఒప్పుకుంటాను, అది ఖగోళం. 1977 నవంబరు 19న దివిసీమకు ఆ సాకు కూడా లేదు. అమావాస్య వెళ్ళి ఎనిమిదో నాడు, పోటు బలహీనంగా ఉండే రోజు. ఆ ఏటి రెండు సూర్యగ్రహణాలూ అశ్విని, చిత్తలలో పట్టాయి. ఆంధ్రకు చెప్పిన మూడు నక్షత్రాల్లో ఒక్కటీ లేదు. సర్కారు లెక్కకే 10,000 దరిదాపు ప్రాణాలు. ఆసక్తిగల మిత్రులు ఈ లెక్కలు సరిచూడగలరు.

ఈ లెక్కలన్నీ ఒక కాగితం మీద వేసి పెదనాన్నగారికి చూపించాను. చాలాసేపు చూశారు. కళ్ళజోడు తీసి, "ఉప్పెనంటే గాలీ నీరూ చేసే పని కదరా, దానికి నక్షత్రాలతో ఏం సంబంధం?" అన్నారు.