టీ దుకాణం అమ్మాయిల పడవ

ఆదివారం ఎవరిది అని అడిగితే మా ఇంట్లో తలా ఒక జవాబు చెబుతారు. పిల్లలకది క్రికెట్టుది. మావారికి పేపరుదీ, ఆ పేపరు మొహాన కప్పుకుని తీసే కునుకుదీను. నాకు మాత్రం అది తలంట్ల రోజు, ఇడ్లీకి బదులు పూరీలు వేయించే రోజు, చెప్పాపెట్టకుండా దిగిన చుట్టాలకు రెండోసారి ఎసరు పెట్టే రోజు. వారానికి ఏడు రోజులని లెక్కకట్టిన మహానుభావుడు ఆడవాళ్ళ ఖాతాలో ఏడోదాన్ని కూడా పనిరోజుల్లోనే రాశాడని నా అనుమానం.

ఈ అనుమానం గట్టిగా ఉన్నదాన్ని కాబట్టే, నూట పాతికేళ్ళ కిందటి మాట, లండనులో కొందరు టీ దుకాణం అమ్మాయిలు తమ ఆదివారాన్ని ఎలా దక్కించుకున్నారో చదివినప్పుడు నాకు ముచ్చటేసింది. కాస్త అసూయ కూడా కలిగిందనుకోండి. వాళ్ళేమీ జెండాలు పట్టి ఊరేగలేదు. పడవ నడిపారు, అంతే. కానీ ఆ రోజుల్లో అది అంత తేలిక వ్యవహారం కాదు.

పడవ నడపడం మనకు కొత్త సంగతేం కాదు. గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకి తెడ్డూ, గడకర్రా, చుక్కానీ చిన్నప్పటి నుంచీ తెలిసిన మాటలే. అయితే మనకది ఆట కాదు, పొట్టకూటి పని. ఇంగ్లండులోనూ మొదట్లో అంతే. లండనులో వంతెనలు కరువైన రోజుల్లో థేమ్సు నదిమీద జనాన్ని ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ చేరవేసే పడవవాళ్ళు వేలల్లో ఉండేవారు. ఆ వృత్తి నేర్చుకున్న కుర్రవాళ్ళకు థామస్ డాగెట్ అనే నటుడు 1715లో ఒక పందెం పెట్టాడు. గెలిచినవాడికి ఒక ఎర్ర కోటూ, దానిమీదికి ఒక వెండి బిళ్ళా బహుమానం. ఆ పందెం ఈనాటికీ జరుగుతోంది.

ఆ తర్వాత దొరబిడ్డలకు ఈ ఆటమీద మోజు పుట్టింది. 1829లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు మొదటిసారి పడవ పందెం వేసుకున్నారు. 1839లో హెన్లీ అనే ఊళ్ళో పడవల తిరనాళ్ళు మొదలయ్యాయి. పోటీలు పెరిగాక పెద్దమనుషులకు ఒక చిక్కు వచ్చిపడింది. పొద్దస్తమానం చేతులతో కష్టపడేవాడితో పందేనికి దిగితే ఓడిపోతామేమో! ఓడిపోవడం ఒక ఎత్తు, మేస్త్రీ చేతిలో ఓడిపోవడం ఇంకో ఎత్తు.

దానికి వాళ్ళు కనిపెట్టిన మందు ఒక చిన్న మాట. అమెచ్యూర్! 1882లో అమెచ్యూర్ రోయింగ్ అసోసియేషన్ ఏర్పడింది. దాని లెక్కలో డబ్బు కోసం పందెం కట్టినవాడు అమెచ్యూరు కాడు. పోనీ, న్యాయమే. పడవ నడిపి బతికేవాడు కాడు. అదీ సరే అనుకుందాం. కూలికో జీతానికో చేతిపని చేసే ఏ వడ్రంగీ, ఏ మేస్త్రీ, ఏ కూలివాడూ కూడా కాడు! అంటే జన్మలో తెడ్డు ముట్టకపోయినా, పొద్దున్నే రంపం పట్టుకుంటే చాలు, సాయంత్రం పడవ పందేనికి పనికిరాడన్నమాట. మన గోదావరి సరంగును తీసుకెళ్ళి అక్కడ నిలబెడితే, నీటి సంగతి అందరికన్నా బాగా తెలిసిన నేరానికి గుమ్మంలోనే ఆపేసేవారు.

నాకో చిలిపి ఆలోచన వచ్చింది. జీతం తీసుకోకుండా చేసేదే అమెచ్యూరు పని అయితే, లోకంలో గృహిణిని మించిన అమెచ్యూరు ఎవరండీ? వంటకు జీతం లేదు, చాకిరీకి కూలి లేదు. కానీ అమెచ్యూర్ అనే ఫ్రెంచి మాటకు అసలు అర్థం ప్రేమించేవాడు అని. ఇష్టం కొద్దీ చేసేవాడు, ఇష్టం లేకపోతే మానేసేవాడు. ఆ రెండో సగం దగ్గరే మనం తప్పిపోతాం.

మాటల అర్థాలు బాగా తెలిసిన ఒకాయనకు ఈ నిబంధన చూసి ఒళ్ళు మండింది. ఆయన పేరు ఫ్రెడరిక్ జేమ్స్ ఫర్నివాల్. 1825లో పుట్టాడు. ఈనాడు ప్రపంచమంతా ఆక్స్‌ఫర్డు నిఘంటువు అని పిలుచుకునే మహాగ్రంథానికి తొలిదశలో సంపాదకుడు. 1861లో మొదటి సంపాదకుడు చనిపోతే ఆ భారం ఈయన మీద పడింది. 1879లో జేమ్స్ మర్రే అందుకునేదాకా మోశాడు. మనకు బ్రౌను దొర ఎలాగో ఇంగ్లీషువాళ్ళకు ఈయన అలాగ. తాళపత్రాలు వెతికినట్టు పాత రాతప్రతులు వెతికి అచ్చు వేయించడానికి 1864లో ఒక సంఘమే పెట్టాడు. అంతకు పదేళ్ళ ముందే, 1854లో, లండను పనివాళ్ళ కోసం వెలసిన కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. పగలంతా పనిచేసి సాయంత్రం చదువుకోవడానికి వచ్చేవాళ్ళు ఆయన శిష్యులు. వాళ్ళకు చదువుకునే హక్కున్నప్పుడు ఆడుకునే హక్కు ఎందుకుండదని ఆయన వాదన. చేతిపనివాళ్ళను కలుపుకుని 1890లో వేరే జాతీయ సంఘం పుట్టినప్పుడు దాని వెనక గట్టిగా నిలబడినవాళ్ళలో ఈయన ఒకడు.

ఇక టీ దుకాణం సంగతి. బ్రిటిషు మ్యూజియం దగ్గర, న్యూ ఆక్స్‌ఫర్డు వీధిలో ఏ.బి.సి. వారి టీ దుకాణం ఒకటి ఉండేది. ఆ కంపెనీ దుకాణాలు లండను ఆడవాళ్ళకు ఒక వరం. మగతోడు లేకుండా వెళ్ళి మర్యాదగా ఒక కప్పు టీ తాగడానికి వీలైన చోట్లు ఆ రోజుల్లో బహు తక్కువ మరి. మ్యూజియంలో పుస్తకాలతో కుస్తీపట్టిన మన పండితుడు రోజూ అక్కడికి వచ్చి కూర్చునేవాడు. తెల్లగడ్డం ముసలాయన చుట్టూ ఎప్పుడూ నలుగురు చేరేవారు. టీ అందించే అమ్మాయిలతో కూడా ఆయన పండితులతో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. వారమంతా కాళ్ళమీద నిలబడి ట్రేలు మోసే ఆ పిల్లలకు ఆరుబయట గాలి పీల్చే దారేదని ఆలోచించాడు. ఆయనకు తెలిసిన దారి ఒకటే, నది.

1896లో, తన డెబ్బై ఒకటో ఏట, హామర్‌స్మిత్ దగ్గర థేమ్సు ఒడ్డున ఆడపిల్లల కోసం ఒక పడవ క్లబ్బు పెట్టాడు. ప్రపంచంలో ఆడవాళ్ళ కోసం వెలసిన తొలి పడవ క్లబ్బుల్లో అదొకటి. మనిషికి రెండు తెడ్లు చొప్పున పట్టుకుని నడిపే పద్ధతి వాళ్ళది. మడమలు దాటే పావడాలూ, పొడుగు చేతుల జాకెట్లూ వేసుకుని తెడ్లు పట్టారు. ఆదివారం హామర్‌స్మిత్ నుంచి రిచ్‌మండు దాకా ఎదురు వెళ్ళడం, తిరిగి రావడం. రానూపోనూ పధ్నాలుగు మైళ్ళు. ముసలాయన ఎనభై దాటాక కూడా వాళ్ళతో పాటు తెడ్డు వేశాడు. దారిలో ఎక్కడో ఒక చోట పడవలు ఆపి చెట్ల కింద తిండీ, పాటలూ. ఆదివారం పూట చర్చికి పోకుండా, అందులోనూ ఆడపిల్లలతో, ఈ షికార్లేమిటని ముక్కుమీద వేలేసుకున్న పెద్దలు లేకపోలేదు. ఆయన పట్టించుకోలేదు.

ఇంకో తమాషా చూడండి. 1901లో ఆ క్లబ్బులోకి మగవాళ్ళను రానిచ్చారు. అప్పుడు దాని పేరు "అమ్మాయిలూ, మగవాళ్ళ" క్లబ్బుగా మారింది. లోకంలో ఆడవాళ్ళు వెనకనుంచి వచ్చి చేరిన సంఘాల కథలు బోలెడు విన్నాను గానీ, మగవాళ్ళు వెనకాల తోకలా వచ్చి చేరిన కథ వినడం ఇదే మొదలు.

పడవ క్లబ్బనగానే తెల్లబట్టలూ, గొడుగులూ, ఎండాకాలపు షోకులూ గుర్తొస్తాయి. అసలు క్లబ్బు బతికేది చలికాలంలో. డిసెంబరులో లండనులో ఎనిమిదింటికి గాని తెల్లవారదు, నాలుగు కొట్టకముందే పొద్దుగూకుతుంది. మంచు, ముసురు, ముఖాన్ని కోసే గాలి. వీటికి తోడు సముద్రపు పోటు. హామర్‌స్మిత్ దగ్గర నీళ్ళు రోజుకు రెండుసార్లు ఇంటి కప్పంత ఎత్తు లేస్తాయి, దిగుతాయి. ఆ వేళ రోజుకు ముప్పావు గంటకు పైగా జరుగుతూ పోతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఉరవడి మరీ ఎక్కువ. అందుకని గోడమీద పోటుపాట్ల పట్టిక చూడందే పడవ దింపరు. మన పెద్దవాళ్ళు తిథి చూస్తే నవ్వుతాం గానీ, థేమ్సు మీద దొరలకూ తిథి చూడక తప్పదు!

ఎనిమిది మంది కూర్చునే పడవ అరవై అడుగుల పొడుగు. దాన్ని బోర్లించి భుజాలకెత్తుకుని ఒడ్డుకు మోసుకుపోవాలి. రబ్బరు బూట్లు వేసుకుని చన్నీళ్ళలో దిగి పడవను నీటిమీద పెట్టాలి. నడిపేవాళ్ళు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. ముందేముందో చూసేది చుక్కాని పట్టి ఎదురుగా కూర్చున్న చిన్న మనిషొక్కతే. దుప్పట్ల మూటలా బట్టలు చుట్టుకుని, అరుస్తూ ఉంటుంది. మిగతావాళ్ళు ఆ గొంతును నమ్మాలి. ఇది చేతుల ఆట అనుకుంటాం గానీ, అసలు బలమంతా కాళ్ళది. కింద జారే పీట ఉంటుంది. ఎనిమిది పీటలూ ఒక్కసారే జరగాలి, ఎనిమిది తెడ్లూ ఒక్కసారే మునగాలి. ఒక్కటి తేడా వచ్చిందా, తెడ్డు నీటిలో ఇరుక్కుని పిడి పొట్టలో పొడుస్తుంది. దాన్ని వాళ్ళు "పీతను పట్టడం" అంటారు. మొదటి చలికాలమంతా పీతల వేటే!

ఎండాకాలం పందేలు కొద్ది నిమిషాల్లో ముగిసిపోతాయి. ఆ నిమిషాల కోసం చలికాలమంతా మైళ్ళకు మైళ్ళు నెమ్మదిగా నడపాలి. ఈ సంగతి అందరి బుర్రలకూ ఎక్కించినవాడు స్టీవ్ ఫేర్‌బేర్న్ అనే ఆస్ట్రేలియా ఆయన. చలికాలంలో క్లబ్బులవాళ్ళు బద్ధకించకుండా ఉండటానికి 1926 డిసెంబరులో ఒక పొడుగు పందెం పెట్టాడు. మోర్ట్‌లేక్ నుంచి పట్నీ దాకా నాలుగుంపావు మైళ్ళు. పడవలు ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి, గడియారమే తీర్పరి. ఆయన దృష్టిలో పందెం ఒక నెపం మాత్రమే. అసలు కావలసింది దానికోసం నడిపే దూరం. తర్వాత అది మార్చి నెలకు మారింది. ఇప్పుడు నాలుగు వందల పడవల దాకా వస్తాయి. ఆడవాళ్ళకూ అదే దారిలో వేరే పందెం ఉంది.

పడవ ఒడ్డుకు చేరాక పని అయిపోలేదు. ఎవరూ కూర్చోరు. మొదట పడవ కడగాలి, తుడవాలి, మళ్ళీ అటకమీదికి ఎక్కించాలి. ఆ తర్వాతే పొగలు కక్కే టీ. ఇక్కడ టీ పెట్టేవాళ్ళూ, కప్పులు కడిగేవాళ్ళూ, చందాలు వసూలు చేసేవాళ్ళూ, నేర్పేవాళ్ళూ చాలావరకు సభ్యులే, జీతం లేకుండానే. నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. వారమంతా ఇతరులకు టీ అందించిన చేతులకు ఆదివారం ఎవరో ఒకరు టీ అందిస్తారు.

పాత నిబంధన అంత తేలిగ్గా చావలేదు. 1920లో అమెరికా నుంచి జాక్ కెల్లీ అనే ఆయన హెన్లీ పోటీకి పేరిస్తే తిప్పికొట్టారు. ఆయన క్లబ్బుతో పాత తగాదా ఒకటి, ఆయన ఇటుకలు పేర్చే పని చేయడం మరొకటి. ఆ ఏడే ఆంట్‌వెర్ప్ ఒలింపిక్సులో, హెన్లీలో గెలిచిన వీరుణ్ణే ఓడించి బంగారు పతకం కొట్టాడు. ఈ కెల్లీగారి అమ్మాయే తర్వాత సినిమా తార అయి, మొనాకో రాణి అయిన గ్రేస్ కెల్లీ. ఆయన కొడుకు 1947లో అదే హెన్లీలో అదే పందెం గెలిచి తండ్రి బాకీ తీర్చుకున్నాడు. 1936లో బెర్లిన్ ఒలింపిక్సుకు వెళుతున్న ఆస్ట్రేలియా పోలీసుల జట్టును కూడా కూలివాళ్ళ లెక్కలో వేసి వెనక్కి పంపారు. ఆ నవ్వులపాటు తర్వాత, 1937లో, ఆ నిబంధన ఎత్తేశారు. రెండు సంఘాలూ ఒకటయ్యేసరికి 1956 వచ్చింది.

ఆడవాళ్ళ దారి ఇంకా పొడుగు. 1927లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి అమ్మాయిలు మొదటిసారి పోటీపడ్డప్పుడు రెండు పడవలనూ పక్కపక్కన పోనివ్వలేదు. విడివిడిగా నడిపించి, కాలంతో పాటు ఎంత అందంగా నడిపారో కూడా చూసి మార్కులు వేశారు. పెళ్ళిచూపుల్లో నడిపించి చూసినట్టు! ఒలింపిక్సులో ఆడవాళ్ళ పడవలకు చోటు 1976లో, మాంట్రియల్లో గాని దొరకలేదు. అప్పుడూ మగవాళ్ళకు రెండు వేల మీటర్లు, వీళ్ళకు వెయ్యే. 1988 ఒలింపిక్సు నాటికి గాని ఆ తేడా పోలేదు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి అమ్మాయిల పందెం మగవాళ్ళతో పాటు అదే రోజు, లండనులో అదే నీటిమీద జరిగింది 2015లో.

ఫర్నివాల్ 1910లో కన్నుమూశాడు. క్లబ్బుకు 1946లో ఆయన పేరే పెట్టారు. ఇప్పటికీ హామర్‌స్మిత్‌లో అదే నది ఒడ్డున ఉంది. పక్కనే ఆయన పేర ఒక తోట కూడా ఉంది.

మన దగ్గరా పడవ క్లబ్బులు లేకపోలేదు. మద్రాసులో అడయారు నదిమీద 1867 నాటిదే ఒకటుంది. అయినా నేను మిమ్మల్ని పడవ ఎక్కమనడం లేదు. వీణ అటకెక్కించినవాళ్ళున్నారు, కుంచెలు ఎండబెట్టుకున్నవాళ్ళున్నారు, "పిల్లలు పెద్దవాళ్ళయ్యాక" అని కథ రాయడం వాయిదా వేసినవాళ్ళున్నారు. ఇంటికి దానివల్ల నాలుగు డబ్బులు వస్తాయా అని ఎవరూ అడగని పని, మానేస్తే ఎవరూ కేకలెయ్యని పని, మనకోసం మనం చేసుకునే పని ఒకటి ఉండాలి. ఆ అమ్మాయిలు సోమవారం పొద్దున్నే మళ్ళీ ట్రేలు పట్టుకుని నిలబడే ఉంటారు. అరచేతుల్లో బొబ్బలు చురుక్కుమనే ఉంటాయి. కానీ ఆ బొబ్బలు యజమాని పెట్టినవి కావు, పొయ్యి పెట్టినవీ కావు. వాళ్ళు ఇష్టపడి తెచ్చుకున్నవి.