బెంగళూరు వసంతానికి చిట్టా రాసేదెవరు?

ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, బెంగళూరులో ఉన్న మీ పిల్లల దగ్గర్నుంచీ మేనల్లుళ్ల దగ్గర్నుంచీ గులాబీరంగు ఫోటోలు రావడం మొదలవుతుంది. ఆకు ఒక్కటీ లేని చెట్టు, కొమ్మల నిండా పూలు, కింద ఆగివున్న కార్ల మీద కూడా పూలే. ‘అచ్చం జపాన్‌లా ఉంది’ అని ఒక ముక్క రాస్తారు. జపాన్‌కీ ఆ చెట్టుకీ ఏ సంబంధమూ లేదు. అది టబెబూయా. మధ్య అమెరికా నుంచి వచ్చింది, ఎల్ సాల్వడార్‌కి జాతీయ వృక్షం. దాని వెనకాలే మార్చిలో ఊదారంగు జకరండా పూస్తుంది, దానిది దక్షిణ అమెరికా. ఏప్రిల్ చివరికి ఎర్రగా విరగబూసే గుల్‌మొహర్, మనం తురాయి అనేది, మడగాస్కర్‌ది. ఈ ఊరి వసంతంలో సగం మాలాంటి వలసదారులదే.

ఇవి వాటంతటవి వచ్చి నిలబడలేదు. 1760లో హైదర్ అలీ లాల్‌బాగ్ తోట వేయించాడు. తోటపని వంశపారంపర్య వృత్తిగా ఉన్న తిగళ కులస్థులు అప్పటికే ఇక్కడున్నారు. ఇప్పటికీ చైత్ర పౌర్ణమి రాత్రి పాతపేటలోని ధర్మరాయస్వామి గుడి నుంచి మల్లెపూలతో అలంకరించిన కరగ అనే కలశాన్ని తలకెత్తుకుని ఊరు తిరిగేది వాళ్లే. టిప్పు సుల్తాన్ ఓడి మరణించాక ఇంగ్లీషువాళ్ల సైన్యం శ్రీరంగపట్నంలో దోమలకూ జ్వరాలకూ తట్టుకోలేక 1809లో ఇక్కడికి మకాం మార్చింది. సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తు, మేలో కూడా రాత్రిపూట చల్లగాలి. బెంగళూరు పెరగడానికి సగం కారణం దాని వాతావరణమే అంటే అతిశయోక్తి కాదు.

అసలు కథ 1908లో మొదలవుతుంది. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పుట్టి, లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసి, బరోడా మహారాజు తోటలు చూసుకుంటున్న గుస్తావ్ క్రుంబీగల్ ఆ ఏడాది మైసూరు సంస్థానం కొలువులోకి వచ్చి లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్నాడు. వీధి వీధికీ ఒక జాతి చెట్టు వేయాలి, ఒకదాని పూత ముగిసేసరికి ఇంకొకటి అందుకోవాలి, ఏడాదిలో ఏ నెలా ఊళ్లో పువ్వు లేకుండా ఉండకూడదు: ఇదీ ఆయన పథకం. వినడానికి తేలికే. ఏ చెట్టు ఈ మట్టిలో, ఈ చలికి, ఈ ఎండకి ఏ వారంలో మొగ్గ వేస్తుందో ఏళ్ల తరబడి కనిపెట్టి చూస్తేనే గానీ ఇలాంటి పథకం కాగితం దాటదు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ జర్మన్ అన్న కారణంగా ఇంగ్లీషు ప్రభుత్వం ఆయన్ని నిర్బంధించింది. అయినా ఆయన ఊరు వదల్లేదు. 1956లో ఇక్కడే కన్నుమూశాడు. లాల్‌బాగ్ పక్కనున్న రోడ్డుకి ఆయన పేరే పెట్టారు. రోజూ దాని మీద వెళ్లేవాళ్లలో ఆయనెవరో తెలిసినవాళ్లు తక్కువ. తర్వాత 1980లలో ఎస్.జి. నేగిన్హాళ్ అనే అటవీ అధికారి ఊరంతా 15 లక్షల మొక్కలు నాటించాడు. ఈ రోజు మీకొచ్చే ఫోటోల్లోని చెట్లు చాలావరకు ఆ చేతి చలవే.

నాకు వేరే సందేహం ఉంది. ఏటా ఇక్కడి పత్రికల్లో ఒక వార్త వస్తుంది: ‘ఈసారి టబెబూయా ముందే పూసింది.’ ముందే అంటే ఎప్పటికంటే ముందు? పోయిన ఏడాది ఏ తేదీన పూసిందో ఎవరు రాసుకున్నారు? యాభై ఏళ్ల కిందటి సంగతి ఎవరిని అడగాలి?

ఎండకూ వానకూ ఈ ఇబ్బంది లేదు. సెంట్రల్ కాలేజీ ప్రిన్సిపాల్ జాన్ కుక్ ఆధ్వర్యంలో బెంగళూరు, మైసూరు, హాసన్, చిత్రదుర్గల్లో తీసిన కొలతలు 1890ల నుంచీ అచ్చయి ఉన్నాయి. ఇప్పుడు ఆ పని ప్యాలెస్ రోడ్డులోని వాతావరణ కేంద్రానిది. కాబట్టే 2016 ఏప్రిల్ 24న నమోదైన 39.2 డిగ్రీలు ఈ ఊరి రికార్డు అని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. (కడప వాళ్లు నవ్వకండి. ఇక్కడ చాలా ఇళ్లల్లో అప్పటిదాకా ఏసీ అన్న ఆలోచనే లేదు.) 2001 ఏప్రిల్‌లో వాన 320 మిల్లీమీటర్లు దాటింది. 2024 ఏప్రిల్‌లో నెలంతా చూసినా కొలవదగ్గ చినుకు పడలేదు, 1983 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. బోర్లెండిపోయి జనం ట్యాంకర్ల కోసం కాచుకున్న వేసవి అది. వేసవిలో పడే ఈ మామిడి జల్లులు ఎంత నమ్మకం లేనివో ఈ రెండు ఏప్రిళ్లు చూస్తే చాలు.

ఆ జల్లుల మీదే బతుకు ఆధారపడ్డ వాళ్లు చిక్కమగళూరు, కొడగు కాఫీ తోటలవాళ్లు. నా ఆఫీసులో ఆ ప్రాంతం కుర్రాళ్లు కొందరున్నారు. మార్చి వచ్చిందంటే ఇంటికి ఫోన్ చేసి అడిగే మొదటి మాట ‘ఎన్ని సెంట్లు?’ అని. అంగుళంలో నూరో వంతు సెంటు. తోట తోటకీ వానమాపకం ఉంటుంది, పొద్దున్నే చూసి పుస్తకంలో రాస్తారు. తాతల కాలం నుంచి తెగకుండా వస్తున్న పుస్తకాలున్నాయి. కాఫీ మొగ్గ కట్టి, వాన కోసం అలాగే నిద్రపోతుంది. చాలినంత వాన పడితే వారం పది రోజుల్లో తోటంతా ఒక్కసారిగా తెల్లగా పూస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలకు ఇంకో వాన పడితే పిందె నిలుస్తుంది. పూత విచ్చుకున్న రోజే పడితే మాత్రం నష్టం. అందుకని మా తోటలో ఇంత, మీ తోటలో ఎంత అని ఊరూరూ చెప్పుకుంటూనే ఉంటారు. వాతావరణాన్ని గమనించి పదిమందితో పంచుకోవడం ఎలాగో నేర్చుకోవాలంటే నేను వీళ్ల దగ్గరికే వెళ్లమంటాను.

చెట్ల పూతకు ఇలాంటి లెక్క లేని లోటు తీర్చడానికి బెంగళూరులోనే ఒక ప్రయత్నం మొదలైంది. పేరు సీజన్‌వాచ్. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్, జాతీయ జీవశాస్త్ర కేంద్రం అండతో 2010 ప్రాంతంలో పుట్టింది. మీరు శాస్త్రవేత్త కానక్కర్లేదు. దగ్గర్లోని ఒక చెట్టును ఎంచుకుని వారం వారం అదే చెట్టు దగ్గరికి వెళ్లి చూడాలి. చిగురు, ముదురాకు, మొగ్గ, విచ్చిన పువ్వు, కాయ, పండు: ఒక్కొక్కటీ అసలు లేదా, కొద్దిగా ఉందా, బాగా ఉందా అని నమోదు చేయాలి. అంతే పని. వేప, మామిడి, చింత, పనస, రేల, కానుగ అన్నీ వాళ్ల జాబితాలో ఉన్నాయి. ఎక్కువ లెక్కలు పంపుతున్నది బెంగళూరు ఇంజనీర్లు కారు, కేరళ బడిపిల్లలు. విషు పండక్కి రేలపూలు తప్పనిసరి కాబట్టి, అవి పండక్కి ఎంత ముందు పూసేస్తున్నాయో పట్టించుకోవడానికి వాళ్లకో కారణం ఉంది.

ఇలా రాసిపెట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే జపాన్‌కే వెళ్లాలి. అక్కడి క్యోటోలో చెర్రీపూతకు క్రీ.శ. 812 నుంచి తేదీలు దొరుకుతున్నాయి. రాజుల, సన్యాసుల దినచర్య పుస్తకాల్లోంచి ఏరి కూర్చినవి. అందుకే 2021లో మార్చి 26న పూత పరాకాష్ఠకు చేరితే, పన్నెండు వందల ఏళ్లలో ఇంత తొందరగా ఎన్నడూ లేదని చెప్పగలిగారు. బెంగళూరు టబెబూయా గురించి అలా చెప్పాలంటే ఇప్పటి పిల్లలు ముసలివాళ్లు కావాలి. ఫోటోలు లక్షల్లో ఉన్నాయి గానీ, ఏ వీధి, ఏ చెట్టు, ముందు వారం ఎలా ఉంది అన్నది వాటిలో ఉండదు. పైగా అందరి కెమెరాలూ గులాబీ చెట్టు వైపే. దాని పక్కనే కానుగ పాత ఆకు రాల్చి లేతాకుపచ్చ చిగురు వేస్తుంది. నా మట్టుకు ఈ ఊరి వసంతం అదే. దాన్ని ఆగి చూసేవాళ్లు కనబడరు.

మనకు మాత్రం చూసే అలవాటు లేదా? ఇక్కడి రైతులూ మనలాగే అశ్విని, భరణి అని కార్తెల లెక్కనే వానలు చెప్పుకుంటారు. భరణిలో వాన పడితే భూమంతా పంటే అని వాళ్ల నమ్మకం. ఉగాది పచ్చడికి వేపపువ్వు కావాలి, కాబట్టి ఏటా తెలుగువాళ్ల ఇళ్లల్లో ఎవరో ఒకరు వేపచెట్టు కింద నిలబడి తలెత్తి చూస్తూనే ఉంటారు. పూత దొరికిందా లేదా అన్నది ఇంట్లో అందరికీ తెలుస్తుంది. తేదీ మాత్రం ఎవరూ రాయరు.

ఈసారి రాయండి. మీ వీధిలో ఒక వేపచెట్టును ఖాయం చేసుకోండి. మొదటి మొగ్గ కనబడిన రోజు, పువ్వు విచ్చిన రోజు, పూత రాలిన రోజు గోడ మీది క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. ఏడాది ముగిశాక ఆ క్యాలెండర్ పారేయకండి. పిల్లల చేతిలో ఫోన్ ఉంటే సీజన్‌వాచ్‌లో ఎక్కించమనండి. కడప, కర్నూలు, ఖమ్మం, శ్రీకాకుళం నుంచి అక్కడ చేరవలసిన వేపచెట్లు ఎన్నో ఉన్నాయి.