పార్శ్వపునొప్పి: పేరు చెప్పని సగం

తెలుగు ‘పార్శ్వపునొప్పి’, సుశ్రుతసంహితలోని ‘అర్ధావభేదకం’, గాలెన్ వాడిన ‘హెమిక్రేనియా’ అనే మూడు పేర్లూ బాధ కలిగే చోటునే చెబుతాయి, కారణాన్ని చెప్పవు. గ్రీకు పదమే క్రమంగా ‘మైగ్రేన్’ అయింది.

20వ శతాబ్ది మధ్యలో హెరాల్డ్ వుల్ఫ్ రక్తనాళాల వ్యాకోచాన్ని కారణంగా చూపాడు. 1979లో మైకేల్ మాస్కోవిట్జ్ ట్రైజెమినల్ నాడివైపు దృష్టి మళ్ళించాడు. దాని తంతువులు విడుదల చేసే పెప్టైడ్‌లు మెదడు పొరలలో శోథను రేపుతాయన్న భావన అక్కడినుండి బలపడింది. 1990లో గోడ్స్‌బీ, ఎడ్విన్సన్ నొప్పి వేళ మెడసిర రక్తంలో సి.జి.ఆర్.పి. అనే పెప్టైడ్ పెరుగుదలను గుర్తించారు.

అయితే పొరలలోని నాళాలనుండి ద్రవం ఊరడాన్ని మాత్రమే ఆపే మందులు విఫలమయ్యాయి, సి.జి.ఆర్.పి. గ్రాహకాన్ని అడ్డే ఎరెనుమాబ్ 2018లో అమెరికాలో అనుమతి పొందింది. కనుక శోథ ఒక్కటే వ్యాధి సర్వస్వం కాదు. పదేపదే ప్రేరేపితమైన నాడీకణాలు అతిసున్నితమై, వెలుతురు, చప్పుడు, స్పర్శలనూ బాధగా మారుస్తాయి.

పాతపేర్లు విడిచిన సగం ఇదే. ఆమదాలవలస మళ్ళలో ఊడ్పులవేళ ఒక స్త్రీ ‘వెలుతురు చూడలేను’ అంటే అది పని తప్పించుకొనే సాకు కాదు, వ్యాధిలక్షణం.