మూడు రాజ్యకాలముల మహామంత్రి: సొకొల్లు మెహ్మద్ పాషా

బోస్నియా సీమలో, ద్రీనానదీ తీరమందలి విషెగ్రాద్ పట్టణమునకు సమీపమున, ఆర్థడాక్సు క్రైస్తవ కుటుంబమున 16వ శతాబ్దారంభమున జనించిన బాలుడొకడు, దేవ్‌షిర్మే యను పద్ధతి ననుసరించి సుల్తాను భటులచే గొనిపోబడి, ఇస్లామును స్వీకరించి, ఆస్థానమున శిక్షణ పొంది, తుదకు ఉస్మానీ సామ్రాజ్యమునకే మహామంత్రి యయ్యెను. తల్లి యొడినుండి బిడ్డలను బలిమి గొనిపోవు ఆ పద్ధతి క్రూరమైన దనుటలో సందేహము లేదు. అయినను వంశమును గాక సామర్థ్యమును పరికించి పదవు లొసగుటయు దానియందే యుండెను.

1546లో బార్బరోస్సా హైరుద్దీన్ గతించిన పిదప నౌకాదళాధిపతియై, అటుపై రుమేలియా పాలకుడై హంగేరీ రణరంగముల సేనలు నడపి, యువరాజు సెలీము కుమార్తెయగు ఎస్మహాన్‌ను పెండ్లాడి, 1565లో సొకొల్లు మహామంత్రి పదవి నధిష్ఠించెను. అసలైన పరీక్ష మరుసటి యేడే వచ్చెను. వృద్ధుడైన సుల్తాను సులేమాన్ స్వయముగా దండు వెడలి సిగెత్వార్ దుర్గమును ముట్టడించి, అది వశమగుటకు కొంచెము ముందుగా, 1566 సెప్టెంబరులో, గుడారముననే కన్నుమూసెను. ప్రభువు లేడన్న వార్త పొక్కినచో జానిసారీ సైనికులు అదుపు తప్పుదురని యెఱింగిన పాషా, ఆ మరణమును 48 దినములు గుప్తముగా నుంచి, సుల్తాను పేరనే ఆజ్ఞలు వెలువరించుచు, సెలీమునకు రహస్యముగా దూతను పంపి, ఆతడు బెల్‌గ్రేడు చేరువరకు సైన్యమును చెదరనీయక కాపాడెను. ఆతడు పాల్గొనిన ముట్టడు లన్నిటికంటె ఈ నిశ్శబ్ద విజయమే మిన్న యని నా యభిప్రాయము.

రాజ్యభారమును సెలీము ఆతనికే విడిచెను. పోర్చుగీసువారిని హిందూ మహాసముద్రమున నెదిర్చుటకై సూయజ్ వద్ద కాలువ త్రవ్వింపవలెననియు, దోన్, వోల్గా నదులను కలుపవలెననియు ఆతడు తలపెట్టెను, రెండును నెరవేరలేదు. సైప్రసు యుద్ధము ఆతని కిష్టము లేనిదైనను, 1571లో లెపాంతో వద్ద నౌకాదళము నశింపగా, ఒక్క శీతకాలములోనే కొత్త నావలను నిర్మింపజేసెను; 1573లో వెనిస్ ఆ ద్వీపమును వదులుకొనక తప్పలేదు.

జన్మభూమిని ఆతడు మరువలేదు. 1557లో సెర్బియను క్రైస్తవుల పేచ్ ధర్మపీఠము పునరుద్ధరింపబడి, ఆతని బంధువగు మకారియె దాని కధిపతి యయ్యెను; ద్రీనాపై విషెగ్రాద్ వద్ద శిల్పి సినాన్ చేత 11 కమానుల రాతివంతెన కట్టించెను.

1574లో మూడవ మురాదు రాజైనది మొదలు అంతఃపురవర్గముల వలన పాషా యధికారము సన్నగిల్లెను. 1579 అక్టోబరులో, దర్వీషు వేషమున వచ్చిన యొకడు ఆతనిని కత్తితో పొడిచి చంపెను. పదునాలుగేండ్లకు మించి ముగ్గురు సుల్తానుల కొలువున ఆతడు నిలిపిన ఆ పదవిలో, తరువాత వచ్చిన సెమిజ్ అహ్మద్ పాషా ఏడాదియైనను నిండకయే మరణించెను.