మంజూరైన పోస్టు

గిడుగు రామమూర్తిగారికి చెవుడు ఎలా వచ్చిందో మనకి స్కూల్లో చెప్పరు. వ్యావహారిక భాష గురించి నాలుగు ముక్కలు చెప్పి వదిలేస్తారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర భాష కోసం కొండలెక్కి తిరిగిన రోజుల్లో ఆయనకి మన్యం జ్వరం పట్టుకుంది. దానికి మందు క్వినైన్. ఆ క్వినైన్ వాడగా వాడగా వినికిడి పోయిందని ఆయన జీవిత కథ రాసినవాళ్ళు చెబుతారు. ఒక భాషని చెవులారా వినాలని వెళ్ళిన మనిషి చెవులే పోగొట్టుకున్నాడు. మొదటిసారి చదివినప్పుడు అయ్యో అనిపించి ఊరుకున్నాను. ఈ మధ్య మళ్ళీ చదువుతుంటే ఇంకో సంగతి తట్టింది. ఆ కథలో జ్వరం ఉంది, మందు ఉంది, డాక్టరు మాత్రం ఎక్కడా లేడు.

మాది శ్రీకాకుళం జిల్లా. ఉండేది హైదరాబాదులో, చేసేది సాఫ్ట్‌వేర్. వైద్యం నా సబ్జెక్టు కాదు. కానీ ఊరొదిలేసిన అందరిలాగే రోజూ పొద్దున్నే ఫోన్లో జిల్లా పేజీ తిరగేస్తాను. ఇన్నేళ్ళుగా మా వైపు ఆసుపత్రుల గురించి వచ్చే వార్తలు రెండే రకాలు. శంకుస్థాపనో ప్రారంభోత్సవమో జరిగిందని ఒకటి, డాక్టర్లు లేరని ఇంకొకటి. ఒక్కోసారి రెండూ ఒకే ఆసుపత్రి గురించి, ఏడాది తేడాతో వస్తాయి. ఈ రెండు వార్తలకీ మధ్య ఏం జరుగుతుందన్నదే ఈ వ్యాసం.

కొంచెం వెనక్కి వెళ్దాం. విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే మన కేజీహెచ్, అదే ఏడాది. అప్పటికి శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఒక ఊరు. 1936లో ఒరిస్సా విడిపోయింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది, 1979లో విజయనగరం జిల్లా అయింది. ఇన్ని జిల్లాలు పుట్టినా ఈ వైపు రెండో ప్రభుత్వ మెడికల్ కాలేజీ పుట్టలేదు. శ్రీకాకుళంలో రిమ్స్ వచ్చింది 2008లో. అంటే 85 ఏళ్ళు. (ఇచ్ఛాపురం వాళ్ళు ఈలోగా సరిహద్దు దాటి బరంపురం వెళ్ళడం అలవాటు చేసుకున్నారు. అక్కడి కాలేజీ 1962 నాటిది.) విజయనగరం కాలేజీ 2023 సెప్టెంబర్లో మొదలైంది. విశాఖ కాలేజీకి సరిగ్గా నూరేళ్ళు నిండిన ఏడాది అది.

ఇదంతా తెల్లవాళ్ళ నిర్లక్ష్యం అనడానికి లేదు. 1946లోనే భోర్ కమిటీ నివేదిక ఇచ్చింది. ప్రతి 40 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మొదలుపెట్టి, కాలక్రమంలో 10, 20 వేల మందికి 75 పడకల ఆసుపత్రి దాకా పోవాలంది. ఇప్పుడు చదివితే సైన్స్ ఫిక్షన్‌లా ఉంటుంది. ఇవాళ్టి లెక్క ఏమిటంటే మైదానంలో 30 వేలకి, కొండ ప్రాంతాల్లో 20 వేలకి ఒక పీహెచ్‌సీ. దాని పైన సీహెచ్‌సీ ఉంటుంది, అందులో సర్జన్, ఫిజీషియన్, గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు ఉండాలి. దేశం మొత్తం మీద గ్రామీణ సీహెచ్‌సీల్లో ఇలా ఉండాల్సిన స్పెషలిస్టుల్లో దాదాపు 80 శాతం లేరని కేంద్ర ప్రభుత్వం ఏటా వేసే గ్రామీణ ఆరోగ్య గణాంకాలే చెప్పాయి. నలుగురిలో ఒకరైనా ఉంటే అదృష్టం అన్నమాట.

ఇక ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. కొబ్బరి, జీడి, పనస. బయటి నుంచి వచ్చినవాళ్ళు కోనసీమలా ఉందే అంటారు. ఆ తోటల కింద ఎన్నో ఏళ్ళుగా మనుషులు కిడ్నీలు పాడై చనిపోతున్నారు. షుగరు లేదు, బీపీ లేదు, ఉన్నా కారణం అది కాదు. కేజీహెచ్‌లో పనిచేసిన నెఫ్రాలజిస్టు టి. రవిరాజు బృందం రెండువేల మందికి పైగా పరీక్షించి ప్రచురించిన అధ్యయనంలో నూటికి 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు తేలింది. అందులో దాదాపు మూడొంతుల మందికి కారణం తెలియదు. నీళ్ళలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్ళు తాగకుండా చేసే పని అన్నారు, వంశపారంపర్యం అన్నారు. నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో, శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రపు వరి పొలాల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా తేలలేదు.

డయాలసిస్ గురించి ఒక మాట చెప్పాలి. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. ఒక్కో విడతకి నూట ఇరవై లీటర్ల దాకా శుద్ధి చేసిన నీళ్ళు కావాలి. జీవితాంతం. మా బంధువొకాయన, నాకు చిన్నాన్న వరస, ఒక దశలో ఇందుకోసం విశాఖ వెళ్ళొచ్చేవాడు. పలాస నుంచి విశాఖ రెండొందల కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ప్యాసింజర్ రైల్లో చేతిలో ఫైలుతో కూర్చున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పలకరించుకునేవారట, ఆఫీసుకెళ్ళే స్టాఫులాగ. "ఆళ్ళల్లో ఒకడు కనపడకపోతే ఎందుకు రాలేదో అడగం రా నాయినా, తెల్సిపోద్ది," అనేవాడు.

ఉద్దానాన్ని రాజకీయం పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితుల్ని కలిశారు. ఆ ఏడాదే హార్వర్డ్ డాక్టర్లు వచ్చారు, చంద్రబాబు ప్రభుత్వం స్థానికంగా డయాలసిస్ కేంద్రాలు పెంచింది. 2018 మే నెలలో పవన్ శ్రీకాకుళంలో నిరాహార దీక్ష చేశారు. జగన్ ప్రతిపక్షంలో ఉండగా వచ్చి మాటిచ్చారు, ముఖ్యమంత్రి అయ్యాక డయాలసిస్ రోగులకి పింఛను నెలకి 10,000 రూపాయలు చేశారు, 2019 సెప్టెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రికి, పరిశోధనా కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 2023 డిసెంబర్ 14న దాన్ని ప్రారంభించారు. దాంతోపాటే హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్ళు తెచ్చే దాదాపు 700 కోట్ల పథకం కూడా. వీటిలో ఏదీ చిన్నది కాదు. చిన్నాన్న ఆఖరి ఏడాదిన్నర విశాఖ రైలెక్కకుండా గడిపాడంటే ఆ పోట్లాటల వల్లే. అందుకని రాజకీయ నాయకుల్ని తిట్టి చేతులు దులుపుకునే వ్యాసం రాయడం నాకు ఇష్టం లేదు.

నా ఫిర్యాదు వేరు. ఆ పోట్లాటంతా కంటికి కనిపించే వాటి మీద. ఎవరు శంకుస్థాపన చేశారు, ఎవరి హయాంలో ఎన్ని పడకలు, ఎవరి పేరు పెట్టారు, ఎవరు తీసేశారు. పడకల పక్కన నిలబడాల్సిన మనిషి గురించి అడిగేవాళ్ళు తక్కువ. పలాస ఆసుపత్రి తెరిచాక కూడా స్పెషలిస్టుల కొరత వార్తలు ఆగలేదు. ఎలా ఆగుతాయి? నెఫ్రాలజిస్టు కావాలంటే ఎంబీబీఎస్ అయిదున్నరేళ్ళు, ఎండీ మూడు, డీఎం మూడు. పదకొండున్నరేళ్ళ చదువు. బయటికొచ్చేసరికి ముప్ఫై దాటేస్తాయి. విశాఖ కార్పొరేట్ ఆసుపత్రి ఎంత ఇస్తుందో తెలుసు, భార్యకో భర్తకో పలాసలో ఉద్యోగం దొరకదని తెలుసు. భవనానికి డబ్బు ఒకసారి పెడితే చాలు. ఈ మనిషికి నెలనెలా పెట్టాలి, అదీ మార్కెట్‌తో పోటీపడి.

ఇక్కడే 'మంజూరైన పోస్టు' అనే మాట వస్తుంది. మా ప్రాజెక్టుల్లోనూ ఇదే తంతు. హెడ్‌కౌంట్ అప్రూవ్ అయింది అంటారు, ప్లానింగ్‌లో ఆ మనిషి పని లెక్కేస్తారు, ఆరు నెలలైనా ఆ కుర్చీలోకి ఎవరూ రారు, భారం పక్కవాడి మీద పడుతుంది. కాకపోతే మా దగ్గర పోయేది డెడ్‌లైన్. ప్రభుత్వంలో మంజూరు అంటే జీవో వచ్చింది అంతే. ఖాళీగా ఉన్న పోస్టు జీతం మిగిలిపోతుంది. దాన్ని కోత అని ఎవరూ అనరు, ఎందుకంటే ఎవరూ కోయలేదు. బడ్జెట్ రోజున అంచనాల మీద గంటలకొద్దీ మాట్లాడతారు. రెండేళ్ళ తర్వాత పుస్తకంలో అసలు ఖర్చు అంకె వస్తుంది, అప్పటికి ఎవరికీ పట్టదు. భర్తీ అయిన పోస్టులన్నీ భర్తీ అయినవి కూడా కావు. కొండ మీది పీహెచ్‌సీ డాక్టరు కాగితం మీద అక్కడే ఉంటాడు, డిప్యుటేషన్ మీద పట్నంలో ఉంటాడు. మెడికల్ కాలేజీల తనిఖీ వేళ ప్రొఫెసర్లని ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి సర్దిన కథలు దేశమంతా ఉన్నాయి. ముఖం చూసి హాజరు వేసే పద్ధతి జాతీయ మెడికల్ కమిషన్ ఊరికే తేలేదు.

ఆరోగ్యశ్రీని కూడా ఈ కోణంలో చూడాలి. 2007 ఏప్రిల్ 1న అది మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పేదవాడికి గుండె ఆపరేషన్ అందించిన పథకమది, మా ఊళ్ళో దానివల్ల బతికినవాళ్ళున్నారు. కానీ కార్డు శ్రీకాకుళం వాడిదే అయినా, ఆపరేషన్ జరిగేది ఎక్కువగా విశాఖలో. డబ్బు అక్కడికే వెళ్ళింది, దాని వెంట డాక్టరూ వెళ్ళాడు. ఇది నా అంచనా, వాదించేవాళ్ళు వాదించవచ్చు.

ఇప్పుడు నడుస్తున్న గొడవ కొత్త మెడికల్ కాలేజీలది. గత ప్రభుత్వం 17 మొదలుపెట్టింది. వాటిలో పదింటిని పీపీపీ పద్ధతిలో కట్టాలని 2025లో కూటమి ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పదిలో పార్వతీపురం ఒకటి. ప్రైవేటుకి అమ్మేస్తున్నారని వైసీపీ సంతకాలు సేకరించింది, మీరు కట్టకుండానే వదిలేశారని ప్రభుత్వం అంది. వైసీపీ వాళ్ళు కూడా విజయనగరంతో పాటు కొత్త కాలేజీల్లో సగం సీట్లకి ఎక్కువ ఫీజు పెట్టినవాళ్ళే కదా అన్నది వేరే కథ. పీపీపీ నాకూ నచ్చలేదు. అయితే పార్వతీపురంలో అనస్థీషియా ప్రొఫెసరుగా ఎవరొస్తారు, ఎంత జీతానికి వస్తారు, ఎన్నేళ్ళుంటారు అన్న ప్రశ్న రెండు పక్షాల నుంచీ నాకు వినపడలేదు. యజమాని ఎవరైనా ఆ ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

ఈ గొడవ పక్కనే ఇంకోటి జరిగింది, దానికి అంత ప్రచారం రాలేదు. పీహెచ్‌సీల్లో కొన్నేళ్ళు పనిచేసిన డాక్టర్లకి పీజీ సీట్లలో ఇన్‌సర్వీస్ కోటా ఉండేది. క్లినికల్ సీట్లలో 30 శాతం దాకా. 2024లో ప్రభుత్వం దాన్ని బాగా తగ్గించింది. డాక్టర్లు సమ్మె చేశారు, కొంత పెంచారు, 2025లో మళ్ళీ సమ్మె. సర్దుబాటు గొడవలా కనిపిస్తుంది గానీ, గుమ్మలక్ష్మీపురం వైపు ఒక కుర్ర డాక్టరు ఎందుకు వెళ్తాడని అడిగితే నిజాయితీ గల జవాబు ఆ కోటాయే. అది ఎర అనండి, పీజీ వచ్చాక వెళ్ళిపోతాడనండి. ఉన్న ఆ మూడేళ్ళు అక్కడ ఒక డాక్టరు ఉన్నాడు. థాయ్‌లాండ్ 1970ల నుంచి మెడికల్ పట్టభద్రులకి ప్రభుత్వ సేవ తప్పనిసరి చేసి, మారుమూల పోస్టులకి అదనపు భత్యం ఇచ్చి, ఆ ప్రాంతాల పిల్లలకే సీట్లు కేటాయిస్తూ వచ్చింది. మనం ఉన్న ఒక్క మెట్టునీ చెక్కుకుంటున్నాం.

2025 అక్టోబర్లో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు వ్యాపించాయి. కురుపాం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. గిడుగువారు వెతుక్కుంటూ వెళ్ళిన సవరలు ఉండే కొండలు ఆ దాపుల్లోనివే. జబ్బు ముదిరిన పిల్లల్ని విశాఖకి, కేజీహెచ్‌కి తీసుకెళ్ళారు. మంత్రులు, ప్రతిపక్ష నాయకులు పరామర్శకి అక్కడికే వచ్చారు.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పిన్నికి బీపీ మందులు తేవడానికి దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్ళాను. కొత్త రంగు వేశారు, బావుంది. గుమ్మం పక్కన నల్లరాతి ఫలకం మీద ఏడు పేర్లున్నాయి, లెక్కపెట్టాను. లోపల గోడకి డ్యూటీ బోర్డు ఉంది. మెడికల్ ఆఫీసర్ అన్నచోట సుద్దతో రాసి చెరిపిన మరక, దాని మీద 'ఇన్‌ఛార్జి' అని ఉంది. మందులు నర్సమ్మే ఇచ్చింది. డాక్టరుగారు ఏ రోజు వస్తారమ్మా అని అడిగితే, "ఏ ఊరి డాట్రు, బాబూ?" అంది.